టర్బో బిగించిన ఎల్‌పీజీ ఇంజిన్‌కు ఏ స్పార్క్ ప్లగ్? గ్యాప్, వేడి సంఖ్య, లోహం వెనుక ఉన్న లెక్క

టర్బోచార్జరు, గ్యాసు ఇంధనం ఒకే ఇంజిన్‌లో కలవడం ఇప్పుడు ప్రయోగశాలలకో, పందెపు మైదానాలకో పరిమితమైన విషయం కాదు. ఐరోపాలో డాచియా సంస్థ 1 లీటరు మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్‌ను ఎల్‌పీజీతో నడిచేలా కర్మాగారంలోనే తయారుచేసి అమ్మడం 2020లో మొదలుపెట్టింది. దక్షిణ కొరియాలో చిన్న సరకు రవాణా వాహనాలైన హ్యుందాయ్ పోర్టర్, కియా బొంగో 2023 చివర్లో డీజిల్‌ను వదిలి 2.5 లీటర్ల టర్బో ఎల్‌పీజీ ఇంజిన్‌కు మారాయి. మన దేశంలో 2024 సెప్టెంబరులో టాటా నెక్సాన్ టర్బో ఇంజిన్‌తో సీఎన్‌జీ కారుగా మార్కెట్‌లోకి వచ్చింది. ఇవి కాక, కొన్న తర్వాత బయట గ్యాస్ కిట్ బిగించుకున్న టర్బో కార్లు, గ్యాసు బండికి తర్వాత టర్బో తగిలించుకున్న ఔత్సాహికుల వాహనాలు ఉండనే ఉన్నాయి.

కర్మాగారం నుంచి వచ్చిన బండికి ప్లగ్ విషయంలో యజమాని ఆలోచించవలసింది తక్కువ. చేతిపుస్తకంలో రాసిన నంబరే వేయాలి. తర్వాత మార్చుకున్న బండి సంగతి వేరు. అక్కడ ప్లగ్ ఎంపిక పూర్తిగా యజమానిదీ మెకానిక్‌దీ అవుతుంది. కొన్ని వందల రూపాయల ఈ వస్తువును తప్పుగా ఎంచుకుంటే మొదట బండి 'మిస్సింగ్' కొడుతుంది. కాలని ఇంధనం సైలెన్సర్ దారిలోకి వెళ్లి కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. గ్యాసును మిక్సర్ ద్వారా పంపే పాత పద్ధతి కిట్ అయితే, మంట వెనక్కి తన్ని ఇన్‌టేక్ గొట్టాలను, ఎయిర్ ఫిల్టర్ డబ్బాను పగలగొట్టవచ్చు. చివరి దశలో పిస్టన్ తలకు రంధ్రం పడుతుంది. అప్పటికి ఖర్చు వందల్లో ఉండదు.

గ్యాసు అంటే ఏ గ్యాసు?

ఈ విషయంపై అందుబాటులో ఉన్న సమాచారంలో అధిక భాగం అమెరికా, ఆస్ట్రేలియా వారు రాసినదే. దాన్ని తెలుగులో చదువుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు భాషకు సంబంధించినది. అమెరికన్ ఇంగ్లిష్‌లో 'గ్యాస్' అంటే పెట్రోలు. మన మాటల్లో గ్యాసు అంటే సిలిండర్‌లో వచ్చేది. 'గ్యాస్ ఇంజిన్‌కు 1.1 మిల్లీమీటర్ల గ్యాప్' అన్న అమెరికన్ వాక్యాన్ని మన ఎల్‌పీజీ కారుకు అన్వయించుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు.

రెండో చిక్కు ఇంధనం కూర్పులోనే ఉంది. అమెరికాలో వాహనాలకు వాడే 'హెచ్‌డీ-5' రకం ప్రొపేన్‌లో కనీసం 90 శాతం ప్రొపేనే ఉండాలి. మన దగ్గర ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. నాకింగ్‌ను తట్టుకునే శక్తిని తెలిపే ఆక్టేన్ సంఖ్య, రీసెర్చ్ పద్ధతిలో కొలిస్తే, ప్రొపేన్‌కు 110 దాటి ఉంటుంది. సాధారణ బ్యూటేన్‌కు 94 దగ్గర ఆగిపోతుంది. అంటే మిశ్రమంలో బ్యూటేన్ పెరిగేకొద్దీ ఇంజిన్ భరించగల బూస్టు తగ్గుతుంది. అమెరికన్ ఔత్సాహికుడు తన ప్రొపేన్ ఇంజిన్‌కు ఇచ్చిన బూస్టును, స్పార్క్ అడ్వాన్సును చూసి ఇక్కడి బండికి అవే అంకెలు పెట్టడం ప్రమాదకరం. వంట సిలిండర్‌ను వాహనానికి వాడటం నేరమన్న సంగతి అందరికీ తెలిసిందే. బూస్టు ఉన్న ఇంజిన్‌లో అది సాంకేతికంగానూ చెడ్డ ఎంపికే. వంటకు ఇచ్చే గ్యాసును నాకింగ్ తట్టుకునే గుణం చూసి తయారుచేయరు, పొయ్యికి ఆ గుణంతో పని లేదు.

ప్రొపేన్‌కు, టర్బోకు పొత్తు బాగా కుదరడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వాయు రూపంలో ఇంజిన్‌లోకి వెళ్లే ప్రొపేన్, సరైన మిశ్రమంలో, సిలిండర్ పరిమాణంలో దాదాపు 4 శాతం చోటును ఆక్రమిస్తుంది. ఆ మేరకు గాలి తగ్గి బలం తగ్గుతుంది. 'గ్యాసు మీద పికప్ ఉండదు' అన్న ఫిర్యాదులో ఈ 4 శాతం పాత్ర ఉంది. టర్బో ఆ లోటును పూడ్చడమే కాదు, ప్రొపేన్ ఆక్టేన్ బలాన్ని పూర్తిగా వాడుకునే అవకాశమిస్తుంది. ఆ అవకాశం ఖరీదంతా ప్లగ్ మీదే పడుతుంది.

గ్యాసు నిజంగా 'వేడి' ఇంధనమా?

గ్యాసు పెట్రోలు కంటే చాలా వేడిగా మండుతుందని, అందుకే ప్లగ్‌లు, వాల్వులు కాలిపోతాయని మెకానిక్ షెడ్లలో స్థిరపడిన నమ్మకం. ఇందులో సగమే నిజం. గాలిలో ప్రొపేన్ మంట ఉష్ణోగ్రత, పెట్రోలు మంట ఉష్ణోగ్రత దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. తేడా మంటలో కాదు, మంటకు ముందు జరిగే చల్లబాటులో ఉంది.

పెట్రోలు తుంపర్లుగా లోపలికి వెళ్లి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని అక్కడి గాలి నుంచి, వాల్వుల నుంచి, ప్లగ్ మొన నుంచి లాక్కుంటుంది. ఎల్‌పీజీ కూడా ట్యాంకులో ద్రవమే, అది ఆవిరి కావడానికీ దాదాపు అంతే వేడి కావాలి. కానీ సాధారణ కిట్‌లో ఆ పని ఇంజిన్ బయట, రెడ్యూసర్ అనే భాగంలో జరుగుతుంది. కావలసిన వేడిని రేడియేటర్ నీరు ఇస్తుంది. సిలిండర్‌లోకి చేరేసరికి గ్యాసు వెచ్చగా, పొడిగా ఉంటుంది. చల్లార్చే శక్తినంతా రేడియేటర్ నీటికే ఖర్చు చేసి వచ్చిన ఇంధనమది. ప్లగ్ మొనకు దక్కేదేమీ లేదు.

గ్యాసును ద్రవ రూపంలోనే ఇంజిన్‌కు చిమ్మే పద్ధతులు ఈ లోపాన్ని సరిదిద్దుతాయి. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ ఫాల్కన్ కారుకు 2011లో వచ్చిన ఎల్‌పీజీ ఇంజిన్‌లో గ్యాసును ద్రవంగానే ఇంజెక్ట్ చేశారు. పైన చెప్పిన కొరియా వాహనాల్లో నేరుగా సిలిండర్‌లోకే ద్రవాన్ని చిమ్ముతారు. కాబట్టి 'ఎల్‌పీజీ ఇంజిన్‌కు ఏ ప్లగ్' అన్న ప్రశ్నకు మొదటి ఎదురు ప్రశ్న ఇది: కిట్ ఆవిరి పద్ధతిదా, ద్రవ పద్ధతిదా? మన దేశంలో బయట బిగించే కిట్లలో ఎక్కువ భాగం ఆవిరి పద్ధతివే గనుక ఇకపై చెప్పేదంతా దానికి వర్తిస్తుంది.

ప్లగ్ వేడెక్కడానికి మరో రెండు కారణాలున్నాయి. ఒకటి, మిశ్రమంలో గ్యాసు పాలు తగ్గడం. పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావలసిన చోట ప్రొపేన్‌కు సుమారు 15.7 పాళ్లు కావాలి. ఈ లెక్కను సరిగ్గా సరిచేయని కిట్, లేదా బూస్టు వచ్చినప్పుడు తగినంత గ్యాసు ఇవ్వలేని చిన్న రెడ్యూసర్, మిశ్రమాన్ని పలుచన చేసి ప్లగ్‌ను మరింత కాలుస్తుంది. రెండోది స్పార్క్ సమయం. ప్రొపేన్ నాకింగ్‌ను తట్టుకుంటుంది కదా అని అడ్వాన్సు పెంచితే, ప్రతి 10 డిగ్రీల అడ్వాన్సుకు ప్లగ్ మొన ఉష్ణోగ్రత 70 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. నాకింగ్ శబ్దం వినిపించకపోయినా మొన మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది.

గ్యాప్: అసలు పరీక్ష ఇక్కడే

టర్బో గ్యాసు ఇంజిన్‌లో మొదట తప్పేది దాదాపు ఎప్పుడూ గ్యాపే. ఖరీదైన ఇరిడియం ప్లగ్‌లు తెచ్చి, డబ్బాలో వచ్చిన 1.1 మిల్లీమీటర్ల గ్యాప్‌తోనే బిగించి, బూస్టు అందుకోగానే బండి కుదుపులు కొడుతుంటే గ్యాస్ కిట్‌ను తిట్టుకునేవారు ఎందరో.

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లో ఒక సూత్రాన్ని ప్రచురించాడు. రెండు లోహపు మొనల మధ్య ఉన్న వాయువును ఛేదించి స్పార్క్ దూకడానికి కావలసిన వోల్టేజీ, ఆ వాయువు పీడనాన్ని మొనల మధ్య దూరంతో గుణిస్తే వచ్చే ఫలితం మీద ఆధారపడి ఉంటుంది. ఇంజిన్‌లో ఉండే పీడనాల వద్ద ఆ గుణకారం పెరిగితే వోల్టేజీ కూడా పెరగాలి. పీడనం పెరిగినప్పుడు పాత వోల్టేజీతోనే స్పార్క్ రావాలంటే దూరం తగ్గించక తప్పదు.

ఇప్పుడొక ముతక లెక్క వేద్దాం. కంప్రెషన్ నిష్పత్తి 9 ఉన్న ఇంజిన్‌లో, టర్బో లేనప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, పిస్టన్ పైకొసకు చేరేసరికి మిశ్రమం పీడనం స్థూలంగా 17 బార్లు ఉంటుంది. గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు అనుకుంటే, రెండింటి గుణకారం 18.7. ఇదే ఇంజిన్‌కు 0.5 బార్ బూస్టు ఇస్తే పీడనం 26 బార్ల దాకా చేరుతుంది. గుణకారం అదే 18.7 దగ్గర ఉండాలంటే గ్యాప్ సుమారు 0.72 మిల్లీమీటర్లకు రావాలి. 1 బార్ బూస్టు అయితే పీడనం 34 బార్లు దాటుతుంది, గ్యాప్ 0.55 దగ్గరికి పడిపోతుంది. నిజానికి స్పార్క్ పిస్టన్ పైకొసకు చేరకముందే వస్తుంది, కాయిల్ దగ్గర కొంత వోల్టేజీ నిల్వ ఉంటుంది, కాబట్టి ఈ అంకెల్ని అక్షరాలా పాటించనక్కర్లేదు. అయినా సిద్ధాంతంతో పనిలేకుండా అనుభవంతో మెకానిక్‌లు చేరుకున్న అంకెలు వీటికి చాలా దగ్గరగా ఉండటం గమనించదగ్గది: తక్కువ బూస్టుకు 0.7 నుంచి 0.8, ఎక్కువ బూస్టుకు 0.6 నుంచి 0.7.

ఇది బూస్టు ప్రభావం ఒక్కటే. ఒకే ఇంజిన్ పెట్రోలు మీద కంటే గ్యాసు మీద నడిచేటప్పుడు స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ అడుగుతుందని ప్లగ్ తయారీదారులే చెబుతారు. మిశ్రమం పలుచనైతే ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. అందుకే పెట్రోలు మీద ఏ ఇబ్బందీ లేని కారు గ్యాసుకు మార్చగానే మిస్సింగ్ కొట్టడం, మళ్లీ పెట్రోలుకు మార్చగానే కుదుటపడటం కనిపిస్తుంది. సాధారణంగా దోషం కాయిల్‌లోనో, పాతబడిన ప్లగ్‌లోనో అప్పటికే ఉంటుంది. గ్యాసు దాన్ని బయటపెడుతుంది, అంతే.

గ్యాప్ దాటలేని కరెంటు ఊరుకోదు. అది మరో దారి వెతుక్కుంటుంది. ప్లగ్ తెల్లటి సిరామిక్ వెలుపలి గోడ మీదుగా ఉక్కు తొడుగుకు దూకుతుంది, లేదా హెచ్‌టీ వైరు తొడుగును, కాయిల్ అడుగున ఉండే రబ్బరు బూటును చీల్చుకుని ఇంజిన్ తలకు చేరుతుంది. ఒకసారి అలా దూకిన చోట నల్లటి గీత పడుతుంది. ఆ తర్వాత కరెంటుకు అదే రాచబాట. ప్లగ్ మార్చినా మిస్సింగ్ పోకపోతే బూటు లోపల ఈ గీత ఉందేమో చూడాలి. గీత పడిన బూటును తుడిచి వాడటం కంటే మార్చడమే మేలు.

అయితే గ్యాప్‌ను ఇష్టం వచ్చినట్టు తగ్గించుకుంటూ పోవడమూ కుదరదు. సందు చిన్నదైతే పుట్టే మంట బిందువు చిన్నదవుతుంది. రెండు లోహపు మొనలు దాని వేడిని పీల్చేసుకుంటాయి. ఐడిలింగ్‌లో, తక్కువ లోడ్‌లో మిశ్రమం పలుచగా ఉన్నప్పుడు అది ఆరిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వణికే బండి ఈ కోవలోదే. రోడ్డు మీద తిరిగే కారు జీవితంలో ఎక్కువ సమయం బూస్టు లేకుండానే గడుస్తుంది గనుక, పందెపు కార్ల గ్యాప్‌ను దీనికి తెచ్చి పెట్టడంలో అర్థం లేదు. కాయిల్, వైర్లు కొత్తవి, బలమైనవి అయితే గ్యాప్‌ను కాస్త ఎక్కువగా ఉంచుకునే వెసులుబాటు దొరుకుతుంది. చాలా సందర్భాల్లో అదే మంచి పెట్టుబడి.

వేడి ప్లగ్, చల్లని ప్లగ్

ఈ రెండు మాటలు తెలుగులోకి తేవడం తేలికే, అపార్థం లేకుండా తేవడం కష్టం. 'వేడి ప్లగ్' అంటే వేడి పుట్టించే ప్లగ్ కాదు, 'చల్లని ప్లగ్' అంటే చల్లటి స్పార్క్ ఇచ్చేదీ కాదు. స్పార్క్ బలానికి, ఈ వర్గీకరణకు సంబంధం లేదు. మొన మీద పడిన వేడిని ప్లగ్ ఎంత త్వరగా ఇంజిన్ తలకు దాటించగలదన్నదే ఇక్కడి కొలమానం. లోపలి సిరామిక్ ముక్కు పొడవుగా ఉంటే వేడి ప్రయాణించే దారి పొడవవుతుంది, మొన వేడిగా ఉండిపోతుంది. అది వేడి ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి చప్పున దాటిపోతుంది. అది చల్లని ప్లగ్.

మొన ఉష్ణోగ్రత ఒక హద్దు మధ్య ఉండాలి. సుమారు 450 నుంచి 500 డిగ్రీలకు తగ్గితే దాని మీద చేరిన మసి కాలిపోదు. మసి పేరుకుని కరెంటుకు దొంగదారి అవుతుంది. దాదాపు 850 డిగ్రీలు దాటితే స్పార్క్ రాకముందే ఆ ఎర్రటి మొనే మిశ్రమాన్ని అంటిస్తుంది. దీన్నే ప్రీ-ఇగ్నిషన్ అంటారు. నాకింగ్ కంటే ఇది ప్రమాదకరం. నాకింగ్ శబ్దం చేసి హెచ్చరిస్తుంది. ప్రీ-ఇగ్నిషన్ చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా పిస్టన్‌ను కరిగిస్తుంది. టర్బో ఇంజిన్‌లో అందుకు కొద్ది క్షణాలు చాలు.

వేడి సంఖ్యలో ఒక మెట్టు మారితే మొన ఉష్ణోగ్రత 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. ఇంజిన్ బలం 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగిన ప్రతిసారీ ఒక మెట్టు చల్లని ప్లగ్‌కు వెళ్లాలన్నది బాగా ప్రచారంలో ఉన్న సూత్రం. అది పెద్ద ఇంజిన్ల దేశంలో పుట్టిన సూత్రం. మన చిన్న ఇంజిన్లకు దాన్ని అలాగే వర్తింపజేస్తే పొరపాటవుతుంది, 1.2 లీటర్ల ఇంజిన్‌కు 40 హార్స్‌పవర్ అదనంగా రావడమే ఒక మెట్టు మార్చడానికి సరిపోయే కారణం.

ఇక్కడ గ్యాసు మనకొక మేలు చేస్తుంది. పెట్రోలు మీద చల్లని ప్లగ్ వేస్తే నగర రద్దీలో మసి పట్టి మొరాయిస్తుందనే భయం ఉంటుంది. ఎల్‌పీజీ శుభ్రంగా మండుతుంది, మసి చాలా తక్కువ. అందువల్ల గ్యాసు ఇంజిన్‌లో ఒక మెట్టు ఎక్కువ చల్లదనం వైపు తూగడం వల్ల పెద్ద నష్టం లేదు. తక్కువ వైపు తూగితే పిస్టనే పోవచ్చు. సందేహం ఉన్నప్పుడు ఎటు మొగ్గాలో దీన్నిబట్టి తేలిపోతుంది. మినహాయింపులు రెండు. ఇంజిన్ నూనె తాగుతుంటే ఆ నూనె మసి ప్లగ్ మీద చేరుతుంది, గ్యాసు శుభ్రత దాన్ని ఆపలేదు. కారు ఎక్కువ సమయం పెట్రోలు మీదే నడుస్తుంటే ప్లగ్ పెట్రోలుకూ సరిపడాలి. మామూలుగా ఇలాంటి కారు పెట్రోలు మీద స్టార్టయి, రెడ్యూసర్ వెచ్చబడ్డాక గ్యాసుకు మారుతుంది. హైదరాబాదు, విజయవాడ లాంటి చోట్ల ఆ మార్పుకు ఎక్కువసేపు పట్టదు గనుక రెండో మినహాయింపు శీతల దేశాల్లో ఉన్నంత పెద్ద సమస్య కాదు.

అంకెల విషయంలో కొనుగోలుదారు జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఒకటుంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో సంఖ్య పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్, చాంపియన్ ప్లగ్‌లలో సంఖ్య పెరిగేకొద్దీ వేడిది. ఎన్‌జీకేలో 6 అన్నది డెన్సోలో 20; ఎన్‌జీకే 7 అంటే డెన్సో 22; 8 అంటే 24. 'ఒక నంబరు పైది ఇవ్వండి' అని దుకాణంలో అడిగితే, ఏ కంపెనీ ప్లగ్ ఇచ్చారన్నదాన్నిబట్టి కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైనది చేతికి రావచ్చు. నంబరుతో కాకుండా 'ఒక మెట్టు చల్లనిది' అని అడగడం, డబ్బా మీది పూర్తి కోడ్ చూసుకోవడం మంచిది.

ఆ కోడ్ చదవడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఉదాహరణకు ఎన్‌జీకే వారి 'బీకేఆర్7ఈ'. మొదటి రెండు అక్షరాలు 14 మిల్లీమీటర్ల మర, 16 మిల్లీమీటర్ల పానా కొలతను చెబుతాయి. 'ఆర్' అంటే లోపల రెసిస్టర్ ఉందని. 7 వేడి సంఖ్య. చివరి 'ఈ' మర పొడవు 19 మిల్లీమీటర్లని చెబుతుంది. చివర '-11' ఉంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లుగా వస్తుందని అర్థం. వేడి సంఖ్య తప్ప మిగతావేవీ మార్చకూడదు. మర పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతుంది, తక్కువైతే ఖాళీ మరల్లో వేడి నిలుస్తుంది. రెసిస్టర్ లేని ప్లగ్ వేస్తే విద్యుత్ అలజడి పుట్టి ఇంజిన్ కంప్యూటర్‌ను తికమకపెడుతుంది. పాత అంబాసిడర్ల కాలంలో పట్టించుకోని ఈ విషయం, ప్రతి ఇంజెక్టర్‌ను కంప్యూటర్ నడిపే గ్యాస్ కిట్లలో ముఖ్యమైనది.

లోహం ఎంత ముఖ్యం?

ప్రకటనలు చెప్పేంత ముఖ్యం కాదు, కానీ కొంత ముఖ్యమే. 'కాపర్ ప్లగ్' అని పిలిచేదాని మొన నిజానికి నికెల్ మిశ్రమం. రాగి లోపలి గుజ్జులో ఉంటుంది. నికెల్ 1,455 డిగ్రీల వద్ద, ప్లాటినం 1,768 వద్ద, ఇరిడియం 2,446 వద్ద కరుగుతాయి. ఇరిడియం గట్టిది గనుక మొనను 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల వరకు సన్నగా చెక్కవచ్చు. నికెల్ మొన సాధారణంగా 2.5 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నటి మొన నుంచి స్పార్క్ తక్కువ వోల్టేజీకే దూకుతుంది. గ్యాసు, బూస్టు రెండూ వోల్టేజీని పెంచమంటున్న చోట ఈ తగ్గింపు విలువైనది.

నికెల్ ప్లగ్‌తో పని జరగదని కాదు. జరుగుతుంది, కానీ గ్యాసు అడిగే ఎక్కువ వోల్టేజీ దాని మొనను త్వరగా అరగదీస్తుంది. అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది, గ్యాప్ పెరిగేకొద్దీ వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. ప్రయోగదశలో, సరైన వేడి సంఖ్య తేలేవరకు చవకైన నికెల్ ప్లగ్‌లు వాడి, తేలిన తర్వాత ఇరిడియం కొనడం తెలివైన పద్ధతి. ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు ఒకేసారి స్పార్క్ ఇచ్చే ఏర్పాటు ఉన్న ఇంజిన్లలో సగం ప్లగ్‌లకు కరెంటు తలకిందులుగా ప్రవహిస్తుంది, వాటిలో పక్కకు వంగిన మొన ఎక్కువ అరుగుతుంది. అలాంటి ఇంజిన్‌కు రెండు మొనల మీదా విలువైన లోహం ఉన్న ప్లగ్ అవసరం. మూడు నాలుగు పక్క మొనలున్న ప్లగ్‌లు చూడటానికి ఘనంగా ఉంటాయి. వాటి గ్యాప్‌ను మన లెక్క ప్రకారం సరిచేయడం కష్టం, పైగా ఎన్ని మొనలున్నా ఒకసారికి దూకేది ఒక్క స్పార్కే. బూస్టు ఇంజిన్‌కు అవి వద్దు.

ఒక ఉదాహరణ

టర్బో లేని 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఉందనుకుందాం. అసలు ప్లగ్ ఎన్‌జీకే లెక్కలో 6, గ్యాప్ 1.1. దానికి ఆవిరి పద్ధతి సీక్వెన్షియల్ గ్యాస్ కిట్, 0.5 బార్ బూస్టు ఇచ్చే టర్బో తోడయ్యాయి. మొదలుపెట్టవలసిన చోటు: వేడి సంఖ్య 7, గ్యాప్ 0.75, రెసిస్టర్ ఉన్న నికెల్ ప్లగ్. బూస్టును 1 బార్ దాకా పెంచితే సంఖ్య 8, గ్యాప్ 0.65, మొన బయటికి ఎక్కువగా పొడుచుకురాని రకం. కర్మాగారం నుంచే టర్బోతో వచ్చి, తర్వాత గ్యాసుకు మారిన కారు అయితే ప్లగ్ అప్పటికే చల్లనిది, గ్యాప్ అప్పటికే చిన్నది. అక్కడ వేడి సంఖ్యను అలాగే ఉంచి లేదా ఒక్క మెట్టు చల్లనిదానికి మారి, గ్యాప్‌ను 0.1 తగ్గించి చూడటం సరిపోతుంది.

పరీక్షను రోడ్డు మీద కాక డైనో మీద చేయించడం మంచిది. ప్లగ్‌కు అతి కష్టమైన ఘడియ గరిష్ఠ వేగంలో రాదు. సిలిండర్ అత్యధికంగా నిండే గరిష్ఠ టార్క్ దగ్గర వస్తుంది. తక్కువ వేగం నుంచి పై గేరులో పూర్తి యాక్సిలరేటర్‌తో లాగినప్పుడు మిస్సింగ్ వస్తే గ్యాప్‌ను 0.05 చొప్పున తగ్గించుకుంటూ రావాలి. 0.6కు వచ్చినా మిస్సింగ్ పోకపోతే దోషం ప్లగ్‌లో లేదు. కాయిల్‌నో, బూస్టులో చాలినంత గ్యాసు ఇవ్వని రెడ్యూసర్‌నో చూడాలి. మిశ్రమం పలుచబడుతున్న ఇంజిన్‌కు చల్లని ప్లగ్ వేసి సరిపెట్టుకోవడం, జ్వరం తగ్గలేదని థర్మామీటర్ మార్చడం లాంటిది.

ప్లగ్ తీసి చూస్తే ఏం తెలుస్తుంది?

పెట్రోలు బండి ప్లగ్ మొన కాఫీ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టని పాత పాఠం. ఆ రంగుపట్టికను గ్యాసుకు వాడకూడదు. మసి లేని ఇంధనం కనుక గ్యాసు మీద నడిచిన ప్లగ్ సిరామిక్ తెల్లగా లేదా లేత బూడిద రంగులో ఉండటం మామూలే. తెలుపు చూసి మిశ్రమం పలుచగా ఉందని కంగారుపడి గ్యాసు పెంచేవారున్నారు. ఊరకే ఇంధనం వృథా.

చూడవలసినవి వేరే. సిరామిక్ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి లేదా మెరిసే సన్నటి చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం కావచ్చు. వెంటనే బూస్టు, అడ్వాన్సు తగ్గించాలి. ప్లగ్ మార్చి అదే సెట్టింగులతో నడపకూడదు. సిరామిక్ మీద పొక్కులు, గాజులా కరిగిన మెరుపు ఉంటే మొన హద్దు దాటి వేడెక్కింది. పక్కకు వంగిన మొన మీద వేడికి రంగు మారిన గీత ఎక్కడ ఆగిందో గమనించాలి. అది వంపు దగ్గర ఉంటే వేడి సంఖ్య సరిగ్గా ఉన్నట్టు. ఉక్కు తొడుగులోకి దిగిపోయి ఉంటే ప్లగ్ ఎక్కువ వేడెక్కుతోంది, మొన కొస దగ్గరే ఆగిపోతే చల్లదనం ఎక్కువైంది. నాలుగు ప్లగ్‌లను సిలిండర్ల వరుసలోనే పేర్చుకుని చూడాలి. మూడు ఒకలా, ఒకటి వేరుగా ఉంటే సమస్య ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ది లేదా వాల్వుది.

బిగింపు, చట్టం

ప్లగ్ మీద పడిన వేడిలో అధిక భాగం మరల ద్వారా, వాషర్ ద్వారానే ఇంజిన్ తలకు దాటుతుంది. వదులుగా బిగించిన చల్లని ప్లగ్ వేడి ప్లగ్‌లా ప్రవర్తిస్తుంది. అల్యూమినియం తలకు 14 మిల్లీమీటర్ల ప్లగ్ అయితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. టార్క్ పానా లేకపోతే, చల్లారిన ఇంజిన్‌లో చేత్తో చివరి వరకు తిప్పి, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ను ఆపైన అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు బిగించాలి. మరలకు గ్రీజు లాంటి పూతలు రాస్తే అదే టార్క్‌కు ప్లగ్ అవసరానికి మించి బిగుసుకుంటుంది. తయారీదారులు సాధారణంగా వద్దంటారు. ఇరిడియం మొన గ్యాప్ మార్చేటప్పుడు ఫిల్లర్ గేజ్‌తో కొలిచి, పక్క మొనను మాత్రమే వంచాలి. మధ్య మొనకు పనిముట్టు ఆనితే అది విరిగిపోతుంది.

ఇక రోడ్డు మీద నడిపే బండి సంగతి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలతో పొసగని మార్పులు వాహనానికి చేయకూడదు. గ్యాస్ కిట్ ఆమోదం పొందినదై ఉండాలి, ఆర్సీలో నమోదు కావాలి. కర్మాగారం ఇవ్వని టర్బోను తగిలించడమూ మార్పే. నమోదు కాని మార్పులున్న కారుకు ప్రమాదం జరిగితే బీమా సంస్థ క్లెయిమును ప్రశ్నించే అవకాశం ఉంటుంది. గ్యాస్ ట్యాంకుకు గడువు ప్రకారం చేయించవలసిన పరీక్ష కూడా ఇందులో భాగమే. ప్లగ్‌ల తనిఖీని, ఆ పరీక్షను ఒకే చీటీ మీద రాసుకుంటే రెండూ మరిచిపోరు. నికెల్ ప్లగ్‌లైతే ప్రతి 10,000 కిలోమీటర్లకు తీసి గ్యాప్ కొలవడం, 0.1 మిల్లీమీటర్ పెరిగితే నాలుగింటినీ కలిపి మార్చడం టర్బో గ్యాసు ఇంజిన్‌కు సబబైన వాయిదా.